దొరసాని నిలబడిన పొద్దు

పోయిన ఏడు కార్తీక మాసం, మూడో శుక్రవారం, పొద్దున ఏడుంబావు గంటకు మా ఇంటి గుర్రం కదలకుండా నిలబడింది. గంట ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నావని అడిగేవాళ్ళు ఉంటారు. పెన్నాగరం పోయే బస్సు ఏడుంబావుకు మా వాకిలి ముందర హారన్ కొడుతుంది. అక్కడ స్టాపు లేదు, కొట్టాల్సిన పనీ లేదు, అయినా కొడుతుంది, ఆ డ్రైవరుకు అదొక రోగం. ఆ పొద్దు హారన్ మోగినప్పుడు దాని ముందరి కాలు ఒకటి లాడం కొట్టే ఆయన ఒళ్ళో ఉంది, మిగతా మూడూ నేల మీద ఉన్నాయి. గుర్రం నిలబడటం కూడా ఒక సంగతేనా అనుకుంటారేమో. వానాకాలమంతా దాన్ని నిలబెట్టడానికి మేము పడిన పాట్లు చూసినవాళ్ళు అట్లా అనరు. నిన్న ఆయనే మళ్ళీ వచ్చి, పాత లాడాలు ఊడదీసి, కొత్తవి వేసి, టీ తాగి పోయాడు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపల పని అయిపోయింది. పోతూ పోతూ పాత లాడం ఒకటి నా చేతిలో పెట్టి, చూడమ్మా ఎంత అరిగిపోయిందో అన్నాడు. దాన్ని చూస్తుంటే ఆ రోజులు గుర్తొచ్చాయి. గుర్తొచ్చాయి కాబట్టి కోపమూ వచ్చింది. కోపం పోయేదాకా రాద్దామని కూర్చున్నాను.

మేముండేది అరవదేశంలో, బడిలో నేర్పింది అరవమే. తెలుగు అక్షరాలు నాకు అరవై దాటినాక వచ్చాయి. మా చెల్లెల్ని కుప్పంలో ఇచ్చారు. ఆమెకు కంటి ఆపరేషన్ అయితే తోడుండటానికి పోయి, అక్కడి బస్సుల మీదా అంగళ్ళ మీదా మేము ఇంట్లో మాట్లాడే మాటలే గుండ్రంగా రాసి ఉండటం చూసి నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నోట్లో పెట్టుకొని తిరిగినదానికి ఇంత చక్కటి రూపం ఉందని ఒక్కరైనా చెప్పలేదే అని. చెల్లెలు కంటికి కట్టు కట్టుకొని మంచం మీద నుంచే నేర్పింది. నేను రాసింది ఆమె చూడలేదు, కాబట్టి తప్పు పట్టలేదు. ఎక్కడైనా ఒత్తు జారితే మీరే సర్దుకోండి, నేను మళ్ళీ తిరగేసి చూడను.

మా ఆయన ఒకప్పుడు మొరప్పూర్ స్టేషన్ ముందర జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చి జట్కాలు పోయినాక ఏవేవో కూలిపనులు చేశాడు గానీ, ఏ పని చేసినా మనిషి చెయ్యి పగ్గాలు పట్టుకున్నట్టే ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచెయ్యి మోకాలి మీద అట్లాగే ముడుచుకొని ఉంటుంది. మూడేళ్ళ కింద తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. డాక్టరు నడవమన్నాడు. ఈయన పడుకున్నాడు. పొద్దున లేచింది మొదలు ఫ్యాన్‌ను చూస్తూ పడుకునేవాడు. ఉండేది మూడు రెక్కలే కదయ్యా, ఎన్నిసార్లు లెక్కపెడతావు అని నేనంటే గోడవైపు తిరిగేవాడు. బతిమాలాను, తిట్టాను, టీ వాకిట్లో పెట్టి పిలిచాను. టీ చల్లారిపోయేదే గానీ మనిషి వచ్చేవాడు కాదు.

మా కొడుకుది పెళ్ళిళ్ళకు పందిళ్ళు వేసే పని. ఈ కాలం పెళ్ళికొడుకులకు కారు చాలడం లేదు, గుర్రం కావాలంటున్నారు. సేలం నుంచి అద్దెకు తెచ్చి తెచ్చి విసిగిపోయి, మనమే ఒకటి కొంటే ఎట్లా ఉంటుంది నాయనా అని వాడు మాటవరసకు అడిగాడు. ఈయన ఫ్యాన్ మీద నుంచి కళ్ళు తిప్పి, "ఆడగుర్రం తీసుకో. చెవులు చూసి తీసుకో" అన్నాడు. ఆ సంవత్సరంలో ఆయన నోటి నుంచి వచ్చిన నిండు మాటలు అవే. గుర్రం వ్యాను దిగిన రోజు ఈయన మంచం దిగాడు. చేతికర్ర పట్టుకొని, పళ్ళు బిగించి, వాకిలి దాకా వచ్చి దాని మెడ మీద చెయ్యి వేశాడు. డాక్టరు చెప్పినా, నేను చెప్పినా కానిది అది తల ఒకసారి విదిలిస్తే అయిపోయింది. సంతోషపడాలో ఏడవాలో తెలియక నేను లోపలికి పోయి గిన్నెలు గట్టిగా తోమాను.

తెల్లటి గుర్రం. ముక్కు మీద మాత్రం ఉల్లిపొర రంగులో చిన్న మచ్చ. నడక చూస్తే పుట్టింట్లో పనిమనుషులు ఉన్నట్టు నడుస్తుంది. నేను దాన్ని దొరసాని అన్నాను, ఆ పేరే నిలిచిపోయింది. మా ఆయన రోజూ పొద్దున ఒక చేత కర్ర, ఒక చేత దాని తాడు పట్టుకొని సందు చివరిదాకా నడిపించేవాడు. ఎవరు ఎవరిని నడిపించారో నేను చెప్పను. బయలుదేరేటప్పుడు నాలుకతో టక్కుమనిపించి, "పోదుం" అనేవాడు. మా ఇళ్ళలో పోదాం అనరు, పోదుం అంటారు. జట్కా తోలిన రోజుల నుంచీ ఆయనకు అదే మాట. గుర్రాన్ని పో అనకూడదంట. ఒక్కదాన్నే పంపించినట్టు ఉంటుందంట. పోదుం అంటే మనమూ దానితో వస్తున్నామని దానికి ధైర్యమంట. నన్ను కట్టుకున్నది మొదలు నాతో ఏనాడూ పోదుం అనలేదు. "నేను పోతాండా, వచ్చేదుంటే రా" అనేవాడు. పోనీయండి. అడుగు వేస్తే బెల్లం ముక్క పెట్టేవాడు. వారం తిరిగేసరికి ఆ మాట సగం నోట్లో ఉండగానే దొరసాని కదిలేది.

నడవడం వచ్చింది. నిలబడటమే రాలేదు. గుర్రమన్నాక రోజూ ఒళ్ళు రుద్దాలి, తోక చిక్కు తీయాలి, నాలుగు కాళ్ళూ ఎత్తి గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళూ పేడా తీయాలి. ఇవి చేసేటప్పుడు అది కుదురుగా ఉండాలి. మా ఆయన వంగలేడు. నా మోకాళ్ళ సంగతి ఎత్తకపోతే మంచిది. కొడుకు పందిళ్ళ వెంట తిరుగుతాడు. మిగిలింది కోడలు. మా కోడలు అరవ పిల్ల, మొరప్పూర్ దగ్గర పల్లెలో పుట్టింది, పశువుల మధ్య పెరిగింది. మేము మాట్లాడేది ఆమెకు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అరవంలోనే చెబుతుంది. పెళ్ళై పదేళ్ళయినా తెలుగు మాట ఒకటి నోటి నుంచి రాలేదు. మొదట్లో ఒకసారి మాట్లాడబోతే మా బంధువులెవరో నవ్వారంట. అప్పుడు మూసుకున్న నోరు. మేము తెలుగులో అడుగుతాం, ఆమె అరవంలో చెబుతుంది, ఇల్లు జరిగిపోతుంది. దానికి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదనుకున్నాము.

కోడలు కొబ్బరిపీచు తీసుకొని మెల్లగా దగ్గరికి పోయేది. మెడ రుద్దినంత సేపు బాగానే ఉండేది. కడుపు కిందికి చెయ్యి పోగానే గుర్రానికి చక్కిలిగిలి పుట్టి ఒళ్ళు విదిలించేది. వెంటనే కోడలు వీపు తట్టి, పసిబిడ్డను ఊరడించినట్టు మెత్తగా "పోదుం డీ కణ్ణు, పోదుం పోదుం" అనేది. అంతే. దొరసాని బయలుదేరేది. నీళ్ళ బక్కెట్టు దొర్లేది. కట్టిన గుంజ చుట్టూ ఒక ప్రదక్షిణం, కోడలు వెంటబడి ఇంకో ప్రదక్షిణం. ఎంత గట్టిగా ఊరడిస్తే అంత వేగంగా పోయేది. తాడు పొట్టిగా కట్టి చూశాము. ఉన్నచోటే కవాతు చేసింది. ముందర తవుడు పెట్టాము. తవుడు తొక్కుకుంటూ పోయింది. కళ్ళకు గోనెపట్టా కట్టమని పక్కింటి పాలామె సలహా ఇచ్చింది. కట్టాము. కళ్ళు కనబడకపోయినా పోయింది, ఈసారి నా ములగచెట్టు మీదికి.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండించినది మా ఆయన. ఆయన దగ్గర అది నిలబడేది. "నిలు" అంటే చాలు, గుడిలో రాతిబొమ్మలాగా నిలబడేది. ఆ గొప్ప చూసుకొని ఆయన స్టూలు మీద కూర్చొని, "గుర్రంలో ఏమీ లేదే, చేతిలో ఉండాది. ఆ పిల్ల చెయ్యి దానికి పడలా" అనేవాడు. కోడలి చెవిన పడేటట్టే అనేవాడు. ఒకరోజు ఆమె పీచు నేలకేసి కొట్టి, "నాన్ ఎన్న పణ్ణినేన్ అత్తే?" నేనేం చేశానత్తా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఈయన వైపు తిరిగి, "నీ చేతిలో అంత ఉంటే నువ్వే వంగి కాలెత్తయ్యా. ఏం, వంగవా?" అన్నాను. ఆయన ఆకాశం చూశాడు. పైన ఫ్యాన్ లేదు కాబట్టి కాకుల్ని చూశాడు.

అట్లా ఉండగా లాడం సమస్య వచ్చింది. గిట్టలు పెరిగి ముందరి కుడికాలిది కొంచెం చీలింది. తారు రోడ్డు మీద తడబడి నడుస్తోంది. లాడం కొట్టే ఆయన పాపిరెడ్డిపట్టి వైపు నుంచి మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఆయనా అరవమే, చాలా మంచి మనిషి, నోరు మాత్రం ఒక్క క్షణం మూతపడదు. కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది గుంజుకుంది. "పోదుం మా, పోదుం తాయీ" అన్నాడు. అది ఆయన్ని ఈడ్చుకుంటూ నడిచింది. రెండోసారి వచ్చినప్పుడు మా కొడుకూ, వాడి దగ్గర పనిచేసే వాళ్ళూ కలిసి చెరొక వైపు పట్టుకున్నారు. అందరూ ఒక్కసారిగా పోదుం పోదుం అని అరిచారు. మా ఆయన నిలు నిలు అన్నది ఆ గోలలో దానికి వినబడలేదు. అది అందర్నీ కలిపి తీసుకొనిపోయింది. అది చూసేదానికి పాలామె పాలక్యాను దించి మరీ నిలబడింది. లాడం ఆయన తొడ మీద గీరుకున్న చోటు తుడుచుకుంటూ, శుక్రవారం ఇంకోసారి వస్తాను, అప్పటికీ నిలబడకపోతే దీన్ని ముట్టను, ఇంకెవర్నైనా చూసుకోండి అన్నాడు. ఇంకెవరున్నారు? జిల్లాలో గుర్రాలే లేకపోతే లాడాలు కొట్టేవాళ్ళు మాత్రం ఎక్కడుంటారు.

మా కొడుకు ఆ సాయంత్రం చేతులు కడుక్కొని వచ్చి తండ్రి ముందర కూర్చున్నాడు. వాడు చెడ్డవాడు కాదు, విసిగిపోయాడు. "నాయనా, చీలిన కాలుతో పెండ్లికొడుకును ఎక్కించి అది రోడ్డు మీద పడితే నేను ఎవురికి జవాబు చెప్పేది? సేలం బ్రోకరుతో మాట్లాడినాను. శనివారం వచ్చి తోలుకపోతాడు. శుక్రవారం లాడం పడితే సరే, లేదంటే లేదు" అన్నాడు. మా ఆయన కర్ర పట్టుకొని లోపలికి పోయాడు. మరుసటి పొద్దు నడకకు లేవలేదు. చేతికర్ర తలుపు వెనకకు పోయింది, మనిషి మంచం మీదికి పోయాడు, కళ్ళు మళ్ళీ ఫ్యాన్ మీదికి పోయాయి. గుర్రం పోతే పోనీ, ఇంకొకరు తోలుకుంటారు. ఈయన ఈసారి పడుకుంటే మళ్ళీ లేవడని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. బయట దొరసాని సందువైపు చూస్తూ కాలితో నేల గీకుతుంటే నాకు దాని మీద కోపం, ఈయన మీద కోపం, శనివారం మీద కూడా కోపం.

గురువారం మధ్యాహ్నం అందరమూ తినడానికి కూర్చున్నాము. ఈయన్ని నేనే గదిమి లేపి తెచ్చాను. రాగిసంగటి తిన్నాడు, తర్వాత కొంచెం అన్నం పెట్టించుకున్నాడు, తింటున్నట్టు లేదు, కలుపుతున్నాడు. కోడలు గరిట పట్టుకొని వంగి, "సోరు పోదుమా మామా?" అని అడిగింది. అన్నం చాలా అని. అరవంలో పోదుం అంటే చాలు అని. ఈ మాట ఈ ఇంట్లో పదేళ్ళుగా రోజూ వింటున్నదే. ఈయన తలెత్తి, నీళ్ళు తిరిగిన కళ్ళతో ఆమెను చూసి, "ఎక్కడికమ్మా పోదుం? పోయేది అది గదా" అన్నాడు.

కోడలు గరిట పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. కొడుకు తినడం ఆపాడు. నేను ముద్ద చేతిలోనే పట్టుకొని లేచాను. ఎక్కడికే అని ఈయన అడుగుతున్నా వినకుండా పెరట్లోకి పోయాను. దొరసాని నీడలో కునుకు తీస్తోంది. దాని పక్కన నిలబడి, కోడలు అన్నట్టే మెత్తగా, వీపు తట్టి, "పోదుం డీ కణ్ణు" అన్నాను. అది కళ్ళు తెరిచి, తాడు బిగిసేదాకా నడిచి, బెల్లం కోసం నా వైపు తిరిగింది. చేతిలో ఉన్న సంగటి ముద్ద దాని నోట్లో పెట్టి, "ఒరే, అందరూ ఇట్లా రండిరా!" అని కేకపెట్టాను.

ఇది రాస్తున్నప్పుడు కూడా చూడండి, తెలుగు పోదుం, అరవ పోదుం, రెంటికీ నేను ఒకే అక్షరాలు పెట్టాల్సి వచ్చింది. మాకు రెండు భాషలు ఉన్నాయి, ఏ మాట ఏ వైపు నుంచి వచ్చిందో చెవి తనంతట తానే సర్దుకుంటుంది, మాకు తెలియకుండానే. గుర్రానికి ఉన్నది ఒక్క పోదుం. అది ఆయన నేర్పింది. వానాకాలమంతా అది మేము చెప్పిందే చేసింది. మేము చాలు చాలు అని అరిచేకొద్దీ అది పాపం వస్తున్నా వస్తున్నా అని నడిచింది. దాన్నే మొండిదని తిట్టాము, గోనెపట్టా కట్టాము, బ్రోకరును పిలిచాము.

అయినా గొడవ అక్కడితో ఆగలేదు. మాట ఎవరు మార్చుకోవాలి? ఈయన స్టూలు మీద బిగుసుకొని కూర్చొని, "నా జన్మంతా పోదుం అంటిని. ఇప్పుడేమిటికి మార్చుకోవల్ల?" అన్నాడు. తప్పు ఎక్కడుందో తెలిసిన మరునిమిషం ప్రాణం లేచొచ్చి, పొగరు కూడా దానితోనే లేచొచ్చింది. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి అంటున్న మాట ఆమె మార్చుకోవాలా, నీది మాత్రం మంత్రమా అని నేను అందుకున్నాను. కొడుకు ఇద్దరి మధ్యా దూరాడు. మేము ముగ్గురమూ గొంతులు పెంచుతుంటే కోడలు దొరసాని మెడ నిమురుతూ, నా వైపు చూడకుండా మెల్లగా అడిగింది: "అదుక్కు తెలుంగుల ఎన్న సొల్లణుం అత్తే?" దానికి తెలుగులో ఏమనాలి అని.

"చాలు" అన్నాను.

"సాలు" అంది. తర్వాత దాని చెవి దగ్గర నోరు పెట్టి, "సాలు డీ, సాలు సాలు" అంది. దొరసాని చెవి ఒకటి ఇటు తిప్పింది. కదలలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే నా చేతిలో చీపురుకట్ట ఉంది.

శుక్రవారం పొద్దున లాడం ఆయన ఏడుకు ముందే వచ్చాడు, వస్తూనే సణుక్కుంటూ వచ్చాడు. ఇట్లా ఇట్లా అని మా కొడుకు చెప్పాడు. ఆయన తల పట్టుకున్నాడు. ఆ మాట అనకుండా తాను పని చేయలేడంట, నోరు దానంతట అదే అనేస్తుందంట. అయితే నోరు ఖాళీగా పెట్టుకోవద్దు అని నేను తమలపాకులు, వక్క తెచ్చి చేతికి అందినన్ని ఆయన నోట్లో కుక్కాను. బుగ్గలు రెండూ ఉబ్బించుకొని, గుడ్లు తెరుచుకొని ఆయన ముందరి కుడికాలు ఎత్తాడు. దొరసాని గుంజుకోబోయింది. కోడలు దాని నుదుటి మీద చెయ్యి పెట్టి "సాలు... సాలు" అంటూ ఉంది. పాలామె మళ్ళీ క్యాను దించి నిలబడింది. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, పోయింది. దొరసాని చెవి ఆడించింది. కాలు ఆయన ఒళ్ళోనే ఉంది. చెక్కిన గిట్ట ముక్కలు కత్తిరించిన గోళ్ళలాగా నేల మీద పడుతుంటే మేము ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చాము. మా ఆయన స్టూలు అంచు మీద కూర్చొని, ఎడమచెయ్యి మోకాలి మీద ముడుచుకొని, లేని పగ్గాలు గట్టిగా పట్టుకొని ఉన్నాడు.

నాలుగో కాలికి ఆఖరి మేకు దిగింది. కాలు దించి, నడుము పట్టుకొని లేచి, ఆయన నోట్లోదంతా గోడవారగా ఉమ్మేసి, కడుపునిండా గాలి పీల్చుకొని, "అప్పాడా! పోదుం!" అన్నాడు.

దొరసాని బయలుదేరింది. కొత్త లాడాలు టకటకలాడించుకుంటూ, వదులుగా ఉన్న తాడు ఈడ్చుకుంటూ, పెరటి వాకిలి దాటి సందులోకి. కొడుకు పట్టుకోబోయాడు. "విడువురా దాన్ని" అని, మా ఆయన లేచి తలుపు వెనక కర్ర అందుకొని, "పోదుమన్నాక పోకుండా ఎట్లరా?" అంటూ దాని వెనకాలే పోయాడు. సందు మలుపు దగ్గర తాడు అందుకున్నాడు. ఇద్దరూ కుంటకుండా నడిచారని చెప్పను. ఒకరు కుంటకుండా నడిచారు. కొడుకు ఫోను తీసుకొని బ్రోకరుకు రావద్దని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం కోడలు గరిట పట్టుకొని ఆయన దగ్గర వంగి, ఒక్క క్షణం ఆగి, "అన్నం సాలా మామా?" అని అడిగింది. ఈయన తల పైకెత్తకుండానే, అరవంలో, "పోదుం మా" అన్నాడు. అని, మళ్ళీ కొంచెం పెట్టించుకున్నాడు. ఇప్పటికీ గుర్రం దగ్గర ఆమె తెలుగు, పళ్ళెం దగ్గర ఆయన అరవం. మిగతా వేళల్లో ఎప్పటిలాగే కొట్లాటే.

పాత లాడం నా పక్కనే ఉంది. మడమ వైపు పలచబడి కాగితంలాగా అయింది. ఇనుమే ఇట్లా అరిగితే, దాని వెంట నడిచినవాళ్ళు ఎంత అరిగి ఉంటారో. మాకు ఊడదీసి చేతిలో పెట్టి చూపించేవాళ్ళు లేరు గనుక తెలియడం లేదు. ఆ శుక్రవారం అక్కడున్నవాళ్ళం వీళ్ళం: స్టూలు మీద మా ఆయన, తలుపు దగ్గర కొడుకు, నోటినిండా ఆకులతో లాడం కొట్టే ఆయన, పాలక్యాను దించి పాలామె, గుర్రం నుదుటి మీద చెయ్యి పెట్టి కోడలు, చీపురుకట్టతో నేను, మా అందరి మధ్యలో, కాలం కాసేపు కాలెత్తి ఒళ్ళో పెట్టినట్టు, దొరసాని.